కారు గాలి నిరోధం మనమే కొలవొచ్చా? మీకొచ్చిన 0.52 సంగతి

మీ ప్రశ్న చదివాను. మీది కావలి, చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. పైన లగేజీ కారియర్ బిగించిన దగ్గర్నుంచి చెన్నై పోయి వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అనుమానం. ఒక సాయంత్రం హైవే ఎక్కి, 100లో న్యూట్రల్ చేసి, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోన్లో యాక్సిలరోమీటర్ యాప్‌తో కారు ఎంత త్వరగా నెమ్మదిస్తోందో చూశారు. టైర్ల నిరోధం కారు బరువులో 0.010 వంతు అని పెట్టుకుని లెక్క కడితే సీడీ, అంటే డ్రాగ్ కోఎఫిషియంట్ (కారు ఆకారాన్ని గాలి ఎంతగా పట్టి ఆపుతుందో చెప్పే అంకె), 0.52 వచ్చింది. మీ కారు లాంటి వాటికి మామూలుగా 0.30 నుంచి 0.35 మధ్య ఉంటుంది. "లెక్క తప్పా, కొలత తప్పా?" అన్నారు.

మీ సూత్రంలో తప్పేమీ లేదు. వాహన పరీక్షల పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. కంపెనీలు టెస్ట్ ట్రాక్ మీద చేసేది కూడా ఇదే, దాని పేరు కోస్ట్‌డౌన్. కారును వేగం మీద వదిలేస్తే దాన్ని ఆపేవి ముఖ్యంగా రెండు: గాలి, టైర్లు. టైర్ల నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలిది వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నాలుగింతలు. ఈ తేడాను పట్టుకునే రెండింటినీ విడదీస్తాం: 75 దగ్గర ఒకసారి, 35 దగ్గర ఒకసారి ఆపుతున్న బలం కొలిచి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే టైర్లది పోయి గాలిది మిగులుతుంది. మీరు విడదీయలేదు. టైర్ల అంకె పుస్తకంలోంచి తెచ్చుకున్నారు కాబట్టి, ఆ రోజు ఎదురైన ప్రతి అడ్డంకీ వచ్చి గాలి ఖాతాలో పడింది.

ముందు ఫోన్ సంగతి. దయచేసి ఆ యాక్సిలరోమీటర్ యాప్ తీసేయండి. 75 వేగంలో న్యూట్రల్లో వదిలేసిన చిన్న కారు వేగం, ప్రతి సెకనుకీ, సెకనుకు దాదాపు 0.27 మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఫోన్ ఒక్క డిగ్రీ వంగి ఉంటే చాలు, భూమ్యాకర్షణలోంచి అదే కొలమానంలో 0.17 మీటర్లు ఆ సెన్సర్ మీదకి వచ్చి చేరుతుంది. కొలవాల్సిన దాంట్లో సగానికి పైనే! స్టాండులో ఫోన్ ఒక డిగ్రీ వంగిందో లేదో కంటితో ఎవరు చెప్పగలరు? దాని బదులు జీపీఎస్ వేగం వాడండి. సెకనుకు పది రీడింగులిచ్చే బయటి జీపీఎస్ ఉంటే మంచిదే, లేకపోతే ఫోన్ జీపీఎస్, పక్క సీట్లో స్టాప్‌వాచ్ పట్టుకున్న స్నేహితుడు చాలు. స్పీడోమీటర్ని మాత్రం నమ్మొద్దు. అది ఉన్నదానికంటే తక్కువ చూపించకూడదని నిబంధన, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువే చూపించేలా పెడతాయి. ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే సాకెట్) నుంచి తీసుకుందామంటే అది వేగాన్ని పూర్ణాంకాల్లోనే ఇస్తుంది.

రెండోది రోడ్డు. దీని మీద కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చాలామంది పొరపడేది ఇక్కడే. తిన్నగా, నున్నగా ఉంటుందని అందరూ ఎన్‌హెచ్ 16 ఎంచుకుంటారు. మొదటి అభ్యంతరం ప్రాణభయం. వెనక కంటైనర్ లారీ వస్తుంటే మీరు 30కి దిగిపోతూ ఉండటం ఏ కొలతకీ తగని పని. రెండోది, వాలు ప్రభావం పోవాలంటే అదే రోడ్డు మీద రెండు వైపులా నడపాలి. డివైడర్ ఉన్న హైవే మీద తిరిగొచ్చేది వేరే రోడ్డు మీద. దాని తారు వేరు, ఎత్తుపల్లాలు వేరు. మూడోది ఎవరూ పట్టించుకోనిది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఆ హైవే తీరం వెంబడే ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. మనకి సముద్రం తూర్పున. మధ్యాహ్నం ఎక్కే సముద్రపు గాలైనా, ఎండాకాలం పడమటి నుంచి కొట్టే వడగాలైనా కారుకి తగిలేది పక్క నుంచే. మీరు వెళ్ళింది సాయంత్రం, అంటే సముద్రపు గాలి వీచే వేళ.

పక్కగాలి ఎందుకంత చెడ్డదో చెప్తాను. ఎదురుగాలి, వెనకగాలి అయితే రెండు వైపులా నడిపి సగటు తీస్తే చాలావరకు పోతాయి. కారు వేగం వర్గానికి గాలి వేగం వర్గం కలుస్తుందంతే. అది 75లోనూ అంతే, 35లోనూ అంతే, కాబట్టి రెండింటినీ తీసివేసినప్పుడు ఎగిరిపోతుంది. పక్కగాలి అలా పోదు, ఎటు పోయినా పక్కనే ఉంటుంది. సెకనుకు 2 మీటర్ల పక్కగాలిలో 75 వేగంలో కారు మీదకి గాలి ఐదున్నర డిగ్రీల వాటంలో వస్తుంది, 35 వేగంలో పదకొండు డిగ్రీలు దాటుతుంది. అలా ఏటవాలుగా వచ్చే గాలికి కారు సీడీయే మారిపోతుంది. ఐరోపా ఉద్గారాల నిబంధన, రెగ్యులేషన్ 83, ఈ పరీక్షకి సగటు గాలి సెకనుకు 3 మీటర్లు, ఉధృతి 5 మీటర్లు దాటకూడదంటూనే, పక్కగాలికి మాత్రం విడిగా 2 మీటర్ల హద్దు పెట్టింది ఇందుకే.

కాబట్టి మీరు వెతకాల్సింది తూర్పు పడమరలుగా పోయే, డివైడర్ లేని, రద్దీ లేని రోడ్డు. హైవే నుంచి సముద్రం వైపు పోయే రోడ్లు మనకి బోలెడు. మీకు తుమ్మలపెంట వైపు, నెల్లూరు వాళ్ళకి మైపాడు వైపు. ఊళ్ళు, మలుపులు తగలని ముక్క వాటిలో ఎక్కడుందో పగలు వెళ్ళి చూసుకోండి. కృష్ణపట్నం పోర్టు రోడ్డు లారీల మయం, వదిలేయండి. ఒంగోలు వాళ్ళకి చీమకుర్తి రోడ్డుదీ అదే సంగతి, గ్రానైట్ లారీలు. కొరిశపాడు దగ్గర యుద్ధవిమానాలు దిగడానికి హైవే మీద వేసిన కాంక్రీటు ముక్క చూస్తే ఎవరికైనా నోరూరుతుంది గానీ, అదీ హైవేలో భాగమే, ఆ మాట మరిచిపోవద్దు. ఇంకొకటి, వరికోతలప్పుడు ఈ పనే పెట్టుకోకండి. రోడ్డు సగం వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటారు.

వేళ విషయానికొస్తే, బాగా తెల్లవారి వెలుతురు వచ్చాక, సముద్రపు గాలి ఎక్కక ముందు. చీకట్లో వద్దు. చలికాలం మంచు పడి రోడ్డు తడిసి ఉంటే ఆగండి, తడి రోడ్డు మీద టైర్ల నిరోధం పెరుగుతుంది. గాలి కొలిచే పరికరం లేకపోయినా పర్లేదు. టీకొట్టు పొగ నిట్టనిలువుగా లేస్తోందంటే అంతకంటే మంచి పొద్దు దొరకదు. మొహానికి గాలి తగులుతోందంటే సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటినట్టే. ఆకులు గలగలలాడుతూ కొమ్మలు కూడా ఊగడం మొదలైతే ఇంటికి వచ్చేయండి.

"రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు నాకెక్కడ దొరుకుతుంది?" అంటారు. అక్కర్లేదు. 85లో వదిలి 25 దాకా ఆగకుండా పోవాలంటే కిలోమీటరు పైనే కావాలి, నిజమే. కానీ అంతా ఒకే ఊపులో చేయాలని ఎక్కడా లేదు. 80 నుంచి 70కి దిగడానికి కారు పోయే దూరం దాదాపు 210 మీటర్లు. 40 నుంచి 30కి దిగడానికి దాదాపు 180. రెండూ ఒకే రెండొందల మీటర్ల ముక్కలో పడతాయి. ఆ ముక్క మొదట్లో రోడ్డు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఆ గుర్తు దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా 80 ఉండేలా కాస్త ముందే న్యూట్రల్ చేయండి. ఇంకోసారి అదే గుర్తు దగ్గర 40 ఉండేలా. రోడ్డు వాలు ఎంతున్నా రెండు కొలతల్లోనూ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. వాలుని తక్కువగా చూడకండి. కిలోమీటరుకి ఒక్క మీటరు పల్లం కంటికి ఆనదు, కానీ వెయ్యి కిలోల కారు మీద అది పది న్యూటన్లు. మీరు వెతుకుతున్న తేడా మొత్తం కలిపితే నూట ముప్ఫై చిల్లర. అందులో పదంటే చిన్నదేం కాదు.

నడిపేటప్పుడు ఇంజన్ ఆన్‌లోనే ఉండాలి. న్యూట్రల్ అంటే గేరు మాత్రమే, తాళం తిప్పడం కాదు. తాళం తిప్పితే బ్రేకు బూస్టర్, పవర్ స్టీరింగ్ పోతాయి, స్టీరింగ్ లాక్ పడినా పడొచ్చు. అద్దాలన్నీ మూయండి. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే సరిచూసుకుని, ఆ తర్వాత ఓ అరగంట నడిపి వేడెక్కించాకే కొలతలు మొదలుపెట్టండి. చల్లటి టైరు ఎక్కువ లాగుతుంది, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది, ఆ మార్పు మధ్యలో కొలిస్తే ఏదీ నిలకడగా రాదు. కొలుస్తుండగా ఎదురుగా లారీ దాటిపోతే ఆ కొలత కొట్టేయండి. దాని వెనక రేగిన గాలి సద్దుమణిగే దాకా ఆగి మళ్ళీ.

బరువు. బ్రోచర్లో ఉన్నది ఖాళీ కారు బరువు. మీరిద్దరూ, పెట్రోలు, స్టెప్నీ, డిక్కీలో ఎప్పుడూ ఉండే సరంజామా, అన్నీ కలిపి ఏ రైస్ మిల్లు కాటా మీదికో ఎక్కించి తూచుకోండి. లారీల కాటా పది ఇరవై కిలోల మెట్లలో చూపించినా మనకి రెండు శాతం లోపే తేడా. దానికి చక్రాలు తిరిగే జడత్వం కింద మూడు నాలుగు శాతం కలపాలి.

ఇక లెక్క. ఒక నమూనా చూపిస్తాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి. కాటా బరువు 1050 కిలోలు, చక్రాల జడత్వంతో 1085 అనుకుందాం. 80 నుంచి 70కి 10.2 సెకన్లు, 40 నుంచి 30కి 18.7 సెకన్లు పట్టింది. పది కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 2.78 మీటర్లు. దాన్ని సమయంతో భాగించి బరువుతో హెచ్చవేస్తే ఆపుతున్న బలం వస్తుంది. పై వేగంలో 295 న్యూటన్లు, కింది వేగంలో 161. తేడా 134. ఇప్పుడు మధ్య వేగాల వర్గాలు. 75 అంటే సెకనుకు 20.83 మీటర్లు, వర్గం 434. 35 అంటే 9.72, వర్గం 94.5. తేడా 339.5. 134ని 339.5తో భాగిస్తే 0.395. దాన్ని రెండింతలు చేసి గాలి సాంద్రత 1.15తో భాగిస్తే 0.69 చదరపు మీటర్లు. ఇదీ మీ సీడీఏ, అంటే సీడీని కారు ముందు వైశాల్యంతో హెచ్చవేసిన మొత్తం. 35 వేగం దగ్గర గాలి వాటా 37 న్యూటన్లు, దాన్ని 161లోంచి తీసేస్తే మిగిలిన 124 టైర్లది. కారు బరువు 10,300 న్యూటన్లతో భాగిస్తే 0.012. మీరు పెట్టుకున్నది 0.010. ఆ 0.002 తేడాతోనే 20 న్యూటన్లు గాలి ఖాతాకి పోయాయి, 75 వేగంలో అది 12 శాతం. మీ 0.52లో ఒక ముక్క దొరికిందా? మిగతాది ఫోన్ వంపు, పక్కగాలి, ఒక్క వైపే నడపడం, ఇక కారియర్ ఎలాగూ ఉంది. ఏది ఎంతో ఆ ఒక్క పరుగు నుంచి విడదీయలేం.

చిన్న జాగ్రత్త. రెండు వైపులా నడిపినప్పుడు సెకన్ల సగటు తీయకండి. ముందు ప్రతి పరుగుకీ బలం లెక్కకట్టి, ఆ బలాల సగటు తీయండి. సమయానికీ బలానికీ విలోమ సంబంధం, సెకన్లు కలిపితే నెమ్మదైన పరుగుకి ఎక్కువ మొగ్గు వస్తుంది.

గాలి సాంద్రతకి పుస్తకాల్లో 1.225 అని ఉంటుంది. అది 15 డిగ్రీల పొడి గాలికి. మనకి 15 డిగ్రీలు ఎప్పుడైనా చూశామా? తీరంలో 30 డిగ్రీల తేమ గాలికి 1.15 సరిపోతుంది. మే నెల 40 డిగ్రీల ఎండలో 1.11 చుట్టుపక్కలకి దిగుతుంది, జనవరి పొద్దున 20 డిగ్రీలకి 1.2 దగ్గర ఉంటుంది. అలవాటుగా 1.225 వేస్తే ఫలితం ఆరు శాతం తక్కువొస్తుంది.

సీడీ విడిగా కావాలనే పట్టుదల ఉంటే ముందు వైశాల్యం కావాలి. వెడల్పు, ఎత్తు హెచ్చవేసి అందులో 0.83 వంతు తీసుకుంటే చిన్న కార్లకి దగ్గరగా వస్తుంది. 1.7 మీటర్ల వెడల్పు, 1.5 ఎత్తు అయితే 2.1 చదరపు మీటర్లు. ఇంకా సరిగ్గా కావాలంటే నలభై మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి ఎదురుగా ఫోటో తీసి, కారు బొమ్మలో ఎన్ని పిక్సెళ్ళున్నాయో లెక్కపెట్టాలి. కొలతకి నంబర్ ప్లేటు వాడుకుందామనిపిస్తుంది, 500 మిల్లీమీటర్లని తెలుసు కదా అని. కానీ అది కారు ముక్కు మీద ఉంది. కారు వెడల్పాటి చోటు దానికి ఒకటిన్నర మీటర్లు వెనక. నలభై మీటర్ల నుంచి కూడా వైశాల్యంలో ఏడు శాతం తేడా వస్తుంది. దాని బదులు ముందు తలుపు వెనక అంచు దగ్గర ఒక మీటరు కర్ర నిలబెట్టి తీయండి. 0.69ని 2.1తో భాగిస్తే మన నమూనా కారు సీడీ 0.33.

ఇంతా చేసి ఆ 0.33ని ఎంత నమ్మొచ్చు? అన్నీ బాగా కుదిరితే పది శాతం అటూ ఇటూ. 80 నుంచి 70కి పట్టిన సమయంలో 0.3 సెకను పొరపాటు, అంటే స్నేహితుడి బొటనవేలు కాస్త ఆలస్యం, 0.69ని 0.645 చేస్తుంది, ఆరు శాతం పైనే. పైగా టైర్ల నిరోధం వేగంతో కాస్త పెరుగుతుంది, ఆ పెరిగిన ముక్క కూడా గాలి పేరు మీదే రాసుకుంటాం. అందుకే రోడ్డు మీద కొలిచింది విండ్ టనెల్ (కారును నిలబెట్టి ఎదురుగా గాలి వదిలి కొలిచే గది) అంకెకంటే ఎక్కువగా రావడమే మామూలు. కంపెనీ చెప్పిన సీడీతో మీ అంకెను పోల్చి గొడవపడటం దండగ.

కానీ మీకు నిజంగా కావాల్సింది సీడీ కాదు కదా. కారియర్ వల్ల ఎంత నష్టమో కావాలి. ఇంటి పరీక్ష అసలు పనికొచ్చేది దీనికే. ఎందుకంటే బరువు, సాంద్రత, జీపీఎస్, రోడ్డు, ఏ పొరపాటున్నా రెండు కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది. అదే పొద్దున, అదే ముక్క మీద, ముందు కారియర్ లేకుండా, తర్వాత బిగించి, మళ్ళీ విప్పేసి కొలవండి. మొదటిదీ మూడోదీ కలవకపోతే మధ్యలో గాలో టైర్ల వేడో మారిందని అర్థం, ఆ పొద్దుటి అంకెలు వదిలేయాలి. బరువు మారకుండా చూసుకోండి. కారియర్ విప్పినప్పుడు అంతే బరువు నీళ్ళు క్యానులో పోసి వెనక సీట్లో పెట్టుకుంటే సరిపోతుంది. అప్పుడు టైర్ల లెక్క రెండింటికీ ఒకటే, పై వేగం కొలత ఒక్కటే చాలు.

మన నమూనా కారులో కారియర్‌తో 10.2 కాస్తా 9.5 సెకన్లయిందనుకోండి. బలం 317 న్యూటన్లు, పెరిగింది 22. సీడీఏలో అది 0.087, దాదాపు 13 శాతం. పెట్రోల్లోకి మారిస్తే, 22 న్యూటన్లు వంద కిలోమీటర్ల పాటు అంటే 2.2 మెగాజౌళ్ళు. లీటరు పెట్రోల్లో ఉన్న 32 మెగాజౌళ్ళలో చక్రాల దాకా వచ్చేది నాలుగో వంతు పైచిలుకే. కాబట్టి 75 వేగంలో వంద కిలోమీటర్లకి పావు లీటరు. 100 వేగంలో పోతే ఆ నిరోధమే 39 న్యూటన్లవుతుంది, వందకి దాదాపు 0.45 లీటరు. కావలి నుంచి చెన్నై పోయి రావడం 460 కిలోమీటర్లు వేసుకుంటే, 75లో పోతే లీటరు పైన కాస్త, 100లో పోతే రెండు లీటర్లు. మీ కారియర్ అంకె ఇంతకంటే ఎక్కువ రావొచ్చు, తక్కువ రావొచ్చు, అడ్డ పట్టీలు గుండ్రటివా పలకవా అన్నదాని మీద చాలా ఉంటుంది. ఒక్కటి మాత్రం కొలవకుండానే చెప్తాను. మీకు తగ్గిన మైలేజీ ఇంతకంటే చాలా ఎక్కువైతే కారియర్‌ని వదిలేసి టైర్లలో గాలి, పట్టుకుంటున్న బ్రేకులు చూపించండి. ఈ పరీక్షలో టైర్ల అంకె 0.015 దాటి వస్తే అదే చెప్తోందన్నమాట.

చివర్లో ఇంకొకటి అడిగారు, అద్దాలు దించుకుని పోతే నష్టమా, ఏసీ వేసుకుంటే నష్టమా అని. అద్దాలు దించినప్పుడు గాలి ఎంత పట్టుకుంటుందో ఇదే పద్ధతిలో తెలుస్తుంది, మూసి ఒకసారి, దించి ఒకసారి. ఏసీ భారం మాత్రం ఇందులో దొరకదు. అది పడేది ఇంజన్ మీద, న్యూట్రల్లో ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయి ఉంటుంది. దానికి ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, ఒకే దారిలో ఒకే వేగంతో తిరిగి, మళ్ళీ అదే పంపు దగ్గర నింపి చూసుకోవడమే.